ఇత్తడి రేకు చివరి వరుస

కొండ మీది పటాలం స్తూపం దగ్గర నేను ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఊడవటం, కడగటం, గేటు తాళం తియ్యటం, మళ్ళీ వెయ్యటం. కాగితాల్లో నా ఉద్యోగానికి వేరే పేరేదో ఉంది, ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవలేదు. ఇప్పుడు నా స్థానంలో కొత్త అమ్మాయి చేరింది. ఆమెకు పని చెప్పమని సెక్రటరీ గారు అడిగారు. నోటితో చెబితే రెండు రోజుల్లో మరిచిపోతుంది, రాసిస్తానన్నాను. నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాలు నెమ్మదిగా వస్తాయి గానీ వస్తాయి. మనవరాలి పాత నోటుపుస్తకాల్లో రాయకుండా మిగిలిన కాగితాలు చించి, కుట్టుకుని రాస్తున్నాను. కాగితాలు లెక్కగా ఉన్నాయి కాబట్టి అనవసరమైన మాటలు ఉండవు.

గాలి సంగతి

మన కొండ పెద్దదేం కాదు. నూట పద్నాలుగు మెట్లు. కానీ చుట్టూ నేలంతా చదును. సముద్రం నుంచి వచ్చే గాలికి అడ్డం నిలబడేది ఈ కొండ, దాని మీద స్తూపం. ఆ గాలిలో ఉప్పు ఉంటుంది. ముత్తుకూరు కరెంటు ఫ్యాక్టరీ వైపు నుంచి వీచిందంటే బొగ్గు బూడిద కూడా ఉంటుంది. పొద్దున తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. కొందరు రాస్తారు కూడా, ఒక అబ్బాయి పేరు, పక్కన ఒక అమ్మాయి పేరు.

మెట్లు పైనుంచి కిందికి ఊడవాలి. ఇది కూడా చెప్పాలా అనుకుంటావు. నాకు ముందు పనిచేసినాయన కింది నుంచి పైకి ఊడ్చేవాడట. పదకొండేళ్ళు అలాగే ఊడ్చాడట. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ చూడలేదు కాబట్టి. ఈ ఉద్యోగంలో అదొకటి గుర్తుపెట్టుకో. తప్పు చేస్తే పట్టుకునేవాళ్ళు ఉండరు. చాలా ఏళ్ళ దాకా ఉండరు.

ఎక్కి వచ్చేవాళ్ళలో సగం మందికి అది ఏమిటో తెలియదు. పోర్టు పనికి వచ్చిన కుర్రవాళ్ళు ఫోటోలు దిగటానికి వస్తారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు వచ్చి, ఇక్కడ ఏ దేవుడమ్మా అని అడుగుతారు. మన తాలూకా నుంచి పటాలంలో చేరి యుద్ధాల్లో పోయిన వాళ్ళ పేర్లివి, నాలుగు దిక్కులా నాలుగు ఇత్తడి రేకులు ఉన్నాయి, చదువుకోండి అని చెప్పాలి. అయినా కొబ్బరికాయ కొట్టేవాళ్ళు కొడతారు. చిప్పలు ఇంటికి తెచ్చుకోవచ్చు. నేను తెచ్చుకున్నాను.

సుబేదారు గారు

నన్ను పనిలో పెట్టుకున్నది సుబేదారు గారు. అదే పటాలంలో పనిచేసి రిటైరై, స్తూపం కమిటీని ఒంటి చేత్తో నడిపినాయన. కుడికాలు సరిగా వంగేది కాదు. ప్రతి సోమవారం పొద్దున్నే నూట పద్నాలుగు మెట్లూ ఎక్కేవాడు, మధ్యలో ఒక్క మెట్టు మీద కూడా ఆగేవాడు కాదు.

చేరిన రోజు నన్ను రేకుల ముందు నిలబెట్టి ఒక్క మాట చెప్పాడు.

"రమణమ్మా, ఇది గుడి కాదు, సమాధి కాదు. ఇది హాజరు పట్టీ. వీళ్ళందరూ హాజరుగా ఉండారా లేదా అని చూసేదే నీ పని."

ఆ తర్వాత పై నుంచి కింది దాకా పేర్లన్నీ గట్టిగా చదివాడు. ప్రతి సోమవారం అలాగే చదివేవాడు. నేను చీపురు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. చిన్నప్పుడు మరిచిపోయిన అక్షరాలు నాకు మళ్ళీ పట్టుబడింది అక్కడే. పెద్ద హోదా వాళ్ళ పేర్లు పైన, సిపాయిల పేర్లు కింద.

నేను చూసిన అధికారుల్లో ఆయనే మేలు. ఇంట్లో ఎలా ఉన్నారని ఎన్నడూ అడగలేదు. బాగా చేశావని అనలేదు. ఒక పని చెప్పి, చేశాక అది కాదు ఇంకొకటి అనలేదు. ఆయనకు ఉన్న లోపం ఒకటే. మెరిస్తే శుభ్రంగా ఉన్నట్టు అనుకునేవాడు. ఇత్తడి రేకులో తన మీసం కనపడాలి. వంగి, మీసం చూసుకుని, తల ఊపి దిగిపోయేవాడు.

చింతపండు, ఇటుక పొడి

రేకులు తోమటానికి సుబేదారు గారు మిలిటరీ క్యాంటీను నుంచి నెలకొక డబ్బా తెప్పించి ఇచ్చేవాడు. పాలిష్ మందు. మొదటిసారి మూత తీసి వాసన చూశాను. ఇత్తడి తోమటానికి ఒక డబ్బా ఖర్చు చెయ్యటమేమిటని మూత పెట్టేశాను. మా ఇంట్లో పులుసుకు పిండిన చింతపండు పిప్పి రోజూ పారేసేదే. ఇటుక ముక్కలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. పిప్పి తెచ్చి, ఇటుక దంచి పాత చీర గుడ్డలో జల్లించి, మా అత్త బిందెలు ఎలా తోమేదో అలాగే తోమాను. సుబేదారు గారి మీసం బ్రహ్మాండంగా కనపడింది.

డబ్బాలు మెట్ల గదిలో గూటిలో పేర్చి పెట్టాను. ఒకరోజు ఆయన ఆ గూడు చూశాడు. అన్నీ మూత తియ్యని డబ్బాలే. సంగతి చెప్పాను. కమిటీ మీటింగులో లేచి, సర్కారు సొమ్ము ఈమె కాపాడినట్టు పటాలంలో స్టోరు వాళ్ళు కూడా కాపాడలేదని చెప్పాడట. ఇరవై ఆరేళ్ళలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే. అది ఏ పనికి దొరికిందో చెబుతాను.

రేకు పైవరుసలు నాకు అందవు. స్టూలు ఎక్కి ఏదో పైపైన తుడిచేదాన్ని. పెద్ద హోదాల పేర్లు అందుకని నల్లగా ఉండేవి. కింది వరుసల దగ్గర అరుగు మీద చతికిలబడి కూర్చుని, ఒంటి బరువంతా చేతి మీద వేసి రుద్దేదాన్ని. సిపాయిల పేర్లు తళతళలాడేవి. వాళ్ళకు ఎక్కువ చాకిరీ చేస్తున్నానని నా మనసులో ఉండేది.

మంగమ్మ

తూర్పు రేకులో అన్నిటికంటే కింద ఉన్న పేరు సిపాయి కె. పోలయ్య. మన సముద్రం ఒడ్డు పాలెం మనిషి. తూర్పు సరిహద్దు యుద్ధంలో పోయాడు. మనిషి ఇంటికి రాలేదు, టెలిగ్రాం వచ్చింది. రేకు బిగించిన తర్వాత ఆ పేరు చేర్చారట. ఎవరో తొందర తొందరగా చెక్కినట్టు మిగతా వాటికంటే పలచగా ఉండేది.

ఆయన చెల్లెలు మంగమ్మ. చేపల గంప మోసి బతికిన మనిషి, చదువు రాదు. టెలిగ్రాం వచ్చింది మార్గశిర అమావాస్య నాడు, అందుకని ఏటా ఆ రోజు ఎక్కి వచ్చేది. స్టీలు డబ్బాలో ఎండు నెత్తళ్ళ వేపుడు, అన్నం తెచ్చేది. అరుగు మీద కూర్చుని చివరి వరుస మీద బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపేది. "ఉండావా అబ్బయ్యా" అనేది. డబ్బాలో సగం తను తిని, సగం మెట్టు మీద పెట్టేది. కాకులు వచ్చేవి. మంగమ్మ దిగిపోయాక నేను మెట్టు కడిగేదాన్ని.

ఇక్కడ కూడూ కూరా పెట్టకూడదని సుబేదారు గారి ఆర్డరు. ఒక అమావాస్య సోమవారం నాడు పడింది. ఆయన ఎక్కి వస్తూ మంగమ్మ తింటూ ఉండటం చూశాడు. నాకు తిట్లు తప్పవనుకున్నాను. ఆయన వెనక్కి పది మెట్లు దిగి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె తిని చెయ్యి కడుక్కునేదాకా అలాగే నిలబడ్డాడు. ఆయన మెట్ల మీద ఆగటం నేను చూసింది ఆ ఒక్కసారే. దాని గురించి తర్వాత మాట్లాడలేదు. ఆర్డరూ మార్చలేదు.

సరిగానే ఉందన్నాను

సుబేదారు గారు పోయాక కమిటీకి ఇప్పటి సెక్రటరీ గారు వచ్చారు. టౌన్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన. మంచి మనిషి. ఒకటే, ఫోనులో ఉన్నది నిజమనీ లేనిది అబద్ధమనీ నమ్ముతారు. ఉప్పుగాలికి ఇత్తడి ఎన్నాళ్ళో ఆగదు, నల్లరాతి పలకల మీద పేర్లు చెక్కిద్దామని నిర్ణయించారు. పాత పేర్ల పుస్తకం తియ్యబోతే చెదలు తినేసి ఉంది. అందుకని నాలుగు రేకులకూ ఫోటోలు తీయించి, ఆ ఫోటోల్లో నుంచి పేర్లు టైపు చేయించారు. ఆ లిస్టు తెచ్చి నా చేతిలో పెట్టి, మీరు రోజూ చూసే పేర్లే కదా, ఒక్కసారి సరిచూడండి అన్నారు.

అరుగు మీద కూర్చుని ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చూశాను. పడమర, ఉత్తరం, దక్షిణం సరిపోయాయి. తూర్పు లిస్టులో చివర పోలయ్య లేడు. టైపు చేసినవాడు వదిలేశాడనుకుని రేకు దగ్గరికి వెళ్ళాను. చివరి వరుస ఉండాల్సిన చోట నా ముఖం కనపడింది. వేలు పెట్టి చూశాను. అద్దం మీద జరిగినట్టు జరిగింది.

రెండు రోజుల కిందటే ఆ రేకు తోమాను. అంతకుముందు వారం కూడా తోమాను. ఇటుక పొడి చిలుమునొక్కదాన్నే తింటుందని నేననుకున్నాను. అది ఇత్తడిని కూడా తిన్నది. అన్నిటికంటే పలచని పేరును ముందు తిన్నది. పైన తోమకుండా వదిలేసిన పెద్ద హోదాల వాళ్ళు మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నారు.

పుస్తకం లేదు. రేకు మీద లేదు. ఈ లిస్టు ప్రకారం రాయి చెక్కితే పోలయ్య ఇంకెక్కడా ఉండడు.

సెక్రటరీ గారు కింద కారు దగ్గర ఉన్నారు. దిగి వెళ్ళి, "సరిగానే ఉంది సార్" అన్నాను.

ఈ మాట రాయటానికి కాగితం ఖర్చవుతున్నా రాస్తున్నాను. నాకు రిటైరు కావటానికి నాలుగు నెలలుంది. సన్మానం చేస్తారని చెప్పుకుంటున్నారు. సుబేదారు గారు మెచ్చుకున్నది ఈ తోమటాన్నే. ఇవన్నీ ఒకేసారి బుర్రలోకి వచ్చాయి, నోట్లో నుంచి ఆ మాట వచ్చింది. కారు పోయాక మెట్ల మీద కూర్చున్నాను. కూర్చుంటే పేరు రాదు కదా అని లేచాను.

మస్తాన్ చేసిన పని

గూడూరులో పాత్రల అంగడి ముందు కూర్చుని బిందెల మీద, పళ్ళేల మీద పేర్లు కొట్టే మస్తాన్ నాకు బాగా తెలుసు. మా ఇంట్లో పెళ్ళి సామాన్ల మీద పేర్లన్నీ అతను కొట్టినవే. నాకంటే చిన్నవాడు, అక్కా అంటాడు. పేరు కొట్టాలని చెప్పాను.

"ఏం పాత్రక్కా?"

"పాత్ర కాదు. నువ్వు కొండెక్కాల."

"అంత బరువుండాదా?"

సంగతి చెప్పలేదు. పేరు అరిగిపోయింది, మళ్ళీ కొట్టాలన్నాను. సంచీలో సుత్తీ మేకూ వేసుకుని వచ్చాడు, నాలుగు చోట్ల కూర్చుంటూ ఎక్కాడు. పేరు చెబితే రాసుకున్నాడు. తర్వాత, ఎవురిచ్చినట్టు వెయ్యాలక్కా అని అడిగాడు. పాత్రల మీద ఇచ్చినవాళ్ళ పేరు కూడా వేస్తారు కదా. ఎవరూ ఇవ్వలేదు, ఉన్నది కొట్టు చాలు అన్నాను.

సుత్తితో టకటకమని చుక్కలు చుక్కలుగా కొట్టాడు. పది నిమిషాల్లో సిపాయి కె. పోలయ్య వచ్చేశాడు. నేను నీళ్ళు తెచ్చేసరికి పేరు పక్కన ఆరు రేకల పువ్వు కూడా వచ్చేసింది.

"అదేంది మస్తానూ?"

"పువ్వక్కా. చివర పువ్వు పడకపోతే నాకు పని అయినట్టుండదు. చెయ్యి దానంతటది పోయింది."

మిగతా పేర్లన్నీ ఉలితో గీసిన గీతలు. ఇదొక్కటి చుక్కలు, పక్కన పువ్వు. కొత్త కోడలి చెంబులా ఉంది. అయినా పేరైతే ఉంది కదా అనుకున్నాను. ఫోటోలో చివరి వరుస పడలేదేమో, ఒకసారి చూసుకోండని సెక్రటరీ గారికి ఫోను చేయించాను. ఇది నా రెండో అబద్ధం.

ఆయన వచ్చి చూశారు. తన ఫోనులో పాత ఫోటో చూశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. ముఖం మారింది. ఎవరో తమ ఇంటివాడి పేరు దొంగతనంగా అమరవీరుల రేకు మీద కొట్టించారు, రాయి చెక్కేలోగా లిస్టులోకి ఎక్కించాలని చూస్తున్నారు అన్నారు. ఈ వరుస దగ్గరికి ఎవరు వస్తారని కింద టీ కొట్టులో అడిగితే మంగమ్మ పేరు చెప్పారు, అమావాస్య నాడు వస్తుందనీ చెప్పారు. అమావాస్య రెండు రోజులుంది. ఆ రోజు నేనే వచ్చి అడుగుతాను, పేరు సాన పట్టించి తీసేయిస్తాను, అవసరమైతే పోలీసులకు ఇస్తాను అన్నారు.

అప్పుడైనా చెప్పాల్సింది. అలాగే సార్ అన్నాను.

అమావాస్య

సెక్రటరీ గారు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. మంగమ్మ ఎక్కి వచ్చింది. ఆయనకు దండం పెట్టి, ఏమీ అడగకుండా తన చోట కూర్చుని చివరి వరుస మీద బొటనవేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇదేంది రమణమ్మా, చెమటకాయలు మాదిరి ఉండాది."

సెక్రటరీ గారు మర్యాదగానే అడిగారు. ఈ పేరు ఎవరు కొట్టించారమ్మా, మీ ఇంట్లో వాళ్ళా, మా లిస్టులో ఈ పేరు లేదు, మీ అన్న పటాలంలో పోయినట్టు కాగితం ఏదైనా ఉందా అని. ఉప్పెనకు ఇల్లే పోయింది సారూ, కాగితం యాడుంటుంది అంది మంగమ్మ. అంటే ఆధారం లేదన్నమాట అన్నారు ఆయన. పేరు కొట్టించుకున్న వాళ్ళంతా వీరులైపోరమ్మా అని కూడా అన్నారు.

మంగమ్మ వేలు తీసింది. చెంగుతో తుడుచుకుంది.

"మావోడు మీ రేకు కోసరం పోలేదు సారూ. లేడంటే తుడిచెయ్యండి. ఉండినోడని నాకు తెలుసు, అది చాలు."

డబ్బా మూత కూడా తియ్యకుండా లేచింది. ఆమె మొదటి మెట్టు దిగాక నాకు నోరు వచ్చింది.

"సార్, ఆ పేరు పోగొట్టింది నేను. మళ్ళీ కొట్టించిందీ నేనే. ఆమెకేం తెలియదు."

మంగమ్మ వెనక్కి ఎక్కి వచ్చి అరుగు చివర కూర్చుంది. చింతపండు పిప్పి, ఇటుక పొడి, లిస్టు, మస్తాన్, అన్నీ చెప్పాను. ఆయన నమ్మలేదు. పాపం ముసలామెను కాపాడటానికి మీరు మీద వేసుకుంటున్నారు, మీ మంచితనం నాకు తెలుసు అన్నారు. రెండుసార్లు అబద్ధం చెబితే నమ్మినాయన నిజానికి మాత్రం ఆధారం అడిగారు. మస్తాన్‌కు ఫోను చేయించాను. ఆయన ఫోనులోనే అతనితో గట్టిగా మాట్లాడారు. అంతా విని మస్తాన్ ఒకటే అన్నాడట. ఉలి దెబ్బ వెనక్కి కూడా దిగుతుంది సార్, ముందు రుద్దితే పోద్దిగానీ వెనక ఎవురు రుద్దుతారు, రేకు విప్పండి, వస్తుండా.

ఈసారి ఎక్కడా కూర్చోకుండా ఎక్కాడు. మరలు ఉప్పుకు బిగుసుకుపోయి ఉన్నాయి, నూనె పోసి ఒక్కొక్కటే తీశాడు. రేకు తిప్పి అరుగు మీద పెట్టాడు. వెనకంతా ముదురు పచ్చ చిలుము. దాని కింద ప్రతి పేరుకూ ఉబ్బు ఉంది, అద్దంలో చూసినట్టు తిరగేసి. చివరి వరుసలో మొన్నటి చుక్కలు చిలుమును చీల్చుకుని మెరుస్తూ ఉన్నాయి. వాటి మధ్య, వాటితో కలవకుండా, చిలుము పట్టిన పాత గీతలు పలచగా ఉన్నాయి. నిన్నా మొన్నా కొడితే చిలుము పట్టదు సార్, ఇది పాతికేళ్ళకు పైమాటే అన్నాడు మస్తాన్.

సెక్రటరీ గారు వంగి చూశారు, తిరగేసిన అక్షరాలు ఆయనకు అందలేదు. మస్తాన్ మంగమ్మ డబ్బా మూత అడిగి తీసుకుని, చెంగుతో తుడవమని నాకిచ్చాడు. దాన్ని రేకు పక్కన నిలబెట్టాడు. అందులో అక్షరాలు సరిగా పడ్డాయి. నేను గీతలను పట్టుకుని ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను. సిపాయి. కె. పోలయ్య.

సెక్రటరీ గారు కళ్ళద్దాలు తీసి, మంగమ్మకు చేతులు జోడించి, తప్పు మాట అన్నాను తల్లీ అన్నారు. జేబులో నుంచి లిస్టు తీసి చివర తన చేత్తో ఆ పేరు రాశారు. ఇంకా చాలామంది పెద్దవాళ్ళయితే ముందు ఫోటో తీసేవాళ్ళు. ఆయన ముందు దండం పెట్టారు, తర్వాత తీశారు.

మంగమ్మ ఆయన వైపు చూడలేదు. నన్ను అడిగింది.

"ఎన్నాళ్ళయింది పోయి?"

తెలియదన్నాను.

"రెండేండ్లుగా వేలికి తగల్లేదు. చేపలకు ఉప్పు రుద్దీ రుద్దీ నా వేలే మొద్దుబారింది అనుకున్నా. ఇంటికి పోయి వేలిని తిట్టుకున్నా."

తర్వాత ఆమె నన్ను తిట్టింది. పాలెం తిట్లు, అవి ఇక్కడ రాయను. సెక్రటరీ గారు మధ్యలోకి రాబోతే వద్దన్నాను. తిట్టడం అయ్యాక కూర్చుని డబ్బా ముందుకు లాక్కుంది. సగం తింది, సగం మెట్టు మీద పెట్టింది. మస్తాన్‌కు కూడా రెండు నెత్తళ్ళు పెట్టింది. నాకు పెట్టలేదు.

ఇక నీ పని

జరిగిందంతా రిజిస్టరులో రాయించి నా చేత సంతకం పెట్టించారు. సన్మానం జరగలేదు. శాలువా తెచ్చి ఉంచారని విన్నాను, ఒక్క ఉతుకుకు పోగులు లేచే రకమట, కాబట్టి నష్టమేం లేదు.

ఇప్పుడు రాతి పలకలు ఉన్నాయి. పోలయ్య పేరు లోతుగా చెక్కారు, నేనే వేలు పెట్టి చూశాను. రాతిని తడిగుడ్డతో తుడవాలి. అంతే. ఇంకేదీ రుద్దొద్దు, ఎవరు చెప్పినా, ఎవరి మీసం కనపడకపోయినా. పాత రేకులు మెట్ల గదిలో ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. తప్పు చేసిన రోజే చెప్పు. ఒక రోజు ఆగితే దాని మీద ఇంకొకటి కట్టాల్సి వస్తుంది, చివరికి అది తెలియని మనిషి నెత్తిన పడుతుంది.

ఇంకొక్కటి. రాతి పలకలు బిగించిన రోజు మంగమ్మకు కబురు పెడితే వచ్చింది. వేలు పెట్టి చూసింది. లోతుగా ఉంది కదా, ఇక అరగదులే అన్నాను.

"ఏమో. రేపు ఎవురు ఏం రుద్దుతారో నాకేం తెలుసు. నా వేలును నేను నమ్మను ఇంక. ఏటా నువ్వొచ్చి చదివి చెప్పాల. నువ్వు పోగొట్టినావు గాబట్టి."

నాకు ఉద్యోగం అయిపోయింది మంగమ్మా, తాళం ఇచ్చేస్తున్నా అన్నాను.

"నీ ఉద్యోగంతో నాకేం పని."

అందుకని, అమ్మాయీ, మార్గశిర అమావాస్య నాడు పొద్దున్నే గేటు తీసి, మెట్లు ఊడ్చి, నువ్వు కిందికి దిగిపో. ఆ రోజు తూర్పు పలక దగ్గర నీకేం పని లేదు. నేను వస్తాను. మోకాళ్ళు బాగాలేవు కాబట్టి ఆలస్యమవుతుంది, అయినా వస్తాను. ఆమె దిగిపోయాక మెట్టు కడగటం కూడా నాదే.